నాలుగింటి ప్రశ్నకు యలమంద జవాబు

ఒంటరిగా ఉన్నప్పుడు యలమందకు నత్తి లేదు. ఈ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసే వీలు కూడా లేదు. వినడానికి ఇంకో మనిషి వచ్చి నిలబడితే చాలు, అప్పటిదాకా హాయిగా సాగుతున్న మాట గొంతులోనే ఇరుక్కుపోయేది.

గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే రోడ్డు మీద, ప్రత్తిపాడు దాటి కొంత దూరం పోయాక, రెండు పక్కలా నల్లరేగడి తప్ప మరేమీ కనపడని చోట ఒక చిన్న సెంటరు ఉంది. పురుగుమందుల కొట్టు, టీ బంకు, సైకిళ్ళకూ బండ్లకూ గాలికొట్టే పాక, వాటి చివర ఒక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో యలమంద స్ప్రేయర్లు బాగుచేస్తాడు. మిరపకు నల్లతామర పురుగు, పత్తికి గులాబీ పురుగు, ఆ పైన తెగుళ్ళు. ఏడాదిలో సగానికి పైగా రోజులు ఆ నేలమీద ఎవరో ఒకరు వీపున ట్యాంకు తగిలించుకుని మందు కొడుతూనే ఉంటారు. నాజిల్ పూడుకుపోయినా, వాషర్ అరిగినా, ఇంజను మొరాయించినా యలమంద దగ్గరికే తెస్తారు. షెడ్డు వెనకాలే ఒక గది. అందులో ఒక మంచం, ఒక గ్యాసు పొయ్యి, గోడకు తల్లి ఫోటో. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అతనికి నలభై దాటాయి, పెళ్ళి కాలేదు.

పెళ్ళిచూపులకు ఒకే ఒక్కసారి వెళ్ళాడు. పిల్ల తండ్రి మర్యాదగా, "బాబూ, మీ పేరు?" అని అడిగాడు. సొంత పేరే. చిన్నప్పటి నుంచీ అతన్ని ఎక్కువ ఏడిపించింది ఆ పేరే. "య" దగ్గర దవడ బిగుసుకుపోయింది, మెడ నరాలు లేచాయి. పక్కనున్న మేనమామ, "యలమందండీ, యలమంద" అని అందించాడు. గదిలో ఉన్నవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. ఆ పిల్ల మాత్రం తలెత్తి చూసింది. ఆ చూపులో వెటకారం లేదు, జాలి ఉంది. దాంతో యలమందే వద్దన్నాడు. వద్దనడానికి మాట అక్కర్లేదు, తల అడ్డంగా ఊపితే చాలు.

వెక్కిరించేవాళ్ళు అతన్ని పెద్దగా బాధపెట్టలేదు. సెంటర్లో వీరాంజనేయులు లాంటి రైతులు, "ఏరా, ఇయ్యాలన్నా ఇస్తావా? తల ఊపరా చాలు, నువ్వు చెప్పేసరికి నా చేలో పురుగు పిల్లల్ని పెట్టుద్ది" అని పెద్దగా నవ్వేవాళ్ళు. దానికి అతనూ నవ్వేసేవాడు. అతన్ని నోరెత్తకుండా చేసింది మంచివాళ్ళు. అందరికంటే మంచిది అతని అక్క నాగజ్యోతి. తాడేపల్లిలో ఉంటుంది, ఆదివారం ఆదివారం తప్పకుండా ఫోన్ చేస్తుంది.

"ఏరా తమ్ముడూ, తిన్నావా? తినే ఉంటావులే. పని బాగా ఉందా? ఉండకేం, సీజనేగా. ఒంట్లో బాగుందా? బాగుందిలే, గొంతు వింటే తెలుస్తోంది."

ఆ గొంతు అప్పటికి ఒక్క "ఊ" మాత్రమే అని ఉంటుంది. తమ్ముణ్ణి కష్టపెట్టకూడదని ప్రశ్నా ఆవిడే, జవాబూ ఆవిడే. ఫోన్ పెట్టేశాక యలమంద గదిలో నిలబడి, ఖాళీ గోడతో, "తినలేదక్కా, ఇవాళ తినబుద్ధి కాలేదు" అని తడబాటు లేకుండా చెప్పేవాడు.

అలాంటి మనిషికి జనరల్ నాలెడ్జ్ పిచ్చి పట్టింది. గుంటూరుకు సామాను కోసం వెళ్ళినప్పుడల్లా బస్టాండు బయట పరిచి అమ్మే పాత పుస్తకాల్లో పోటీ పరీక్షల పుస్తకాలు ఏరుకుని తెచ్చుకునేవాడు. అతను ఏ పరీక్షా రాయడు. మరి ఎందుకంటే, ఆ పుస్తకాల్లో ప్రతి ప్రశ్నకూ జవాబు ఒకే మాట. కబడ్డీ జట్టుకు ఎంతమంది, ఏడుగురు. అన్నిటికంటే తేలికైన వాయువు ఏది, హైడ్రోజన్. సినిమా తెరమీద సెకనుకు ఎన్ని బొమ్మలు పరిగెడతాయి, ఇరవై నాలుగు. ప్రపంచమంతా ఇలా ఒక్కో మాటలో తేలిపోతుంటే చదవడానికి అతనికి ఎంతో సుఖంగా ఉండేది. పని చేసుకుంటూ, ప్రశ్న తనే వేసుకుని, జవాబు తనే గట్టిగా చెప్పుకునేవాడు. విప్పేసిన ఇంజన్లు వినేవి.

షెడ్డులో ఒక రేడియో ఉండేది. ఏరియల్ విరిగిపోతే రాగి తీగ కట్టాడు. గుంటూరు శివార్ల నుంచి వచ్చే ఒక చిన్న స్టేషన్ మాత్రమే అందులో తేటగా పలికేది. ధరలు, వాతావరణం, పాటలు, పంటల సలహాలు. సాయంత్రం నాలుగింటికి శ్రీరమ్య అనే అమ్మాయి ఒక కార్యక్రమం చేసేది. పేరు కూడా "నాలుగింటి ప్రశ్న". ఒక ప్రశ్న అడిగి, ఫోన్లు తీసుకుని, ఒక్కొక్కరికి అర నిమిషం గడువిచ్చేది. గడువు నడుస్తున్నంతసేపూ గడియారం ముల్లు చప్పుడు వినిపించేది.

ఫోన్ చేసేవాళ్ళు కొద్దిమందే. అందులో మానకుండా చేసేది ప్రత్తిపాడు నుంచి వెంకటరావమ్మ. ఆమెకు ఒక్క జవాబూ తెలిసేది కాదు, అందుకు ఆమెకు బాధా లేదు.

"ఆక్టోపస్ అనే సముద్రపు జీవికి ఎన్ని గుండెలండీ వెంకటరావమ్మ గారూ?"

"ఎన్నేంటమ్మా, ఉన్న ఒక్కదాంతోనే చస్తన్నాం. ఒకటే."

"కాదండీ, మూడు."

"మూడా! మూడూ ఒక్కసారే నొప్పెడితే దాని గతేం గాను తల్లీ!"

శ్రీరమ్య నవ్వేది. షెడ్డులో యలమంద కూడా నవ్వేవాడు.

ఒకరోజు ప్రశ్న, మేస్త్రీ అనే మాట ఏ భాష నుంచి తెలుగులోకి వచ్చిందని. ఒకాయన హిందీ అన్నాడు. ఇంకొకాయన ఇంగ్లీషు అన్నాడు. వెంకటరావమ్మ, "అది మా ఊరి మాటే, ఏడనించీ రాలా" అంది. యలమంద చేతిలో స్పానర్ పట్టుకుని, "పోర్చుగీసు! పోర్చుగీసమ్మా!" అని రేకులు అదిరేలా అరిచాడు. అరిచినంత సులువుగా వచ్చింది ఆ మాట. అంత సులువుగా వచ్చేసరికి అతనికి ఏమనిపించిందో ఏమో, చేతి గ్రీజు తుడుచుకోకుండానే ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

లైను కలిసింది. "నమస్కారమండీ, జవాబు చెప్పండి" అంది శ్రీరమ్య. అంతే, అవతల మనిషి ఉంది. పెదవులు అతుక్కుపోయాయి. "ప" అతనికి బద్ధశత్రువు. "ప" వచ్చిన చోటల్లా మామూలుగా పక్కదారి పడతాడు. పైపు అనాల్సిన చోట గొట్టం అంటాడు, పదివేలు అనాల్సి వస్తే వెయ్యి అని పది వేళ్ళు చూపిస్తాడు. జీవితమంతా అలా చుట్టుదారుల్లోనే నడిచింది. కానీ ఈ ప్రశ్నకు చుట్టుదారి లేదు. ఉన్నది ఆ ఒక్క మాటే. ముల్లు చప్పుడు వినిపిస్తోంది. ఇక ఇప్పుడు ఈవిడ కూడా అందిస్తుంది, లేదా పెట్టేస్తుంది అనుకున్నాడు.

"తొందరేం లేదండీ. నిదానంగా చెప్పండి. నేనిక్కడే ఉన్నాను" అంది శ్రీరమ్య.

అని, ఊరుకుంది. నిజంగానే ఊరుకుంది. గడువు దాటాక కూడా.

"పో... పో... పోర్చుగీసు."

"కరెక్టండీ! ఎవరండీ మాట్లాడేది?"

పేరు చెప్పడానికి ఇంకొంతసేపు పట్టింది. ఆమె దానికీ ఆగింది. ఫోన్ పెట్టేశాక యలమంద షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాడు. ఎదురుగా పత్తి చేలు. ఎవరితోనైనా చెప్పాలనిపించింది. టీ బంకు దగ్గర నలుగురు ఉన్నారు. కానీ చెప్పాలంటే మొత్తం చెప్పాలి, అంత మాట తనవల్ల కాదు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంజను ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజూ ఫోన్ చేశాడు. తెలిసినవీ చెప్పాడు, తెలియనివీ చెప్పాడు. అమరావతి స్తూపం శిల్పాలు సముద్రం దాటి ఏ నగరం చేరాయంటే మద్రాసు అన్నాడు. మద్రాసులోనూ ఉన్నాయి కానీ సముద్రం దాటినవి లండన్‌లో ఉన్నాయని శ్రీరమ్య చెప్పింది. తప్పయినందుకు అతనికి దిగులు కలగలేదు. రోజు మొత్తంలో అతను మొదలుపెట్టిన మాట చివరిదాకా అతనిదిగానే ఉండేది ఆ కాసేపే. మిగతా రోజు దాని ముందూ దాని తర్వాతా గడిచేది. మధ్యాహ్నం దాటితే చాలు, పని మీద ధ్యాస ఉండేది కాదు. అది ఆ అమ్మాయి మీద మనసు పడటమా అంటే, కాదు. ఆమె ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోలేదు కూడా. మూసిన గదిలో కూర్చుని తన కోసం ఆగుతున్న ఒక ఓపికను మాత్రం ఊహించుకున్నాడు.

పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో స్టేషన్ వాళ్ళు పండగలాంటిది పెట్టారు. మంగళగిరిలో ఒక కల్యాణ మండపంలో శ్రోతల క్విజ్ పోటీ, అందరి ముందూ. మానకుండా ఫోన్ చేసేవాళ్ళందరికీ పిలుపు వచ్చింది. యలమంద రెండు రోజులు ఆలోచించాడు. శ్రీరమ్యే అడుగుతుంది కదా, ఆమెకు తన సంగతి తెలుసు కదా అనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కాడు.

తీరా వెళ్తే ప్రశ్నలు అడిగేది ఆమె కాదు. శరత్‌చంద్ర అనే క్విజ్ మాస్టారు వచ్చారు. కాలేజీల్లో ఇలాంటి పోటీలు చాలా నడిపిన మనిషి. చెడ్డవాడు కాదు, చురుకైనవాడు. బల్లమీద బజర్లు. ముందు నొక్కినవాళ్ళు అయిదు సెకన్లలో చెప్పాలి, చెప్పకపోతే మార్కు పోతుంది. నియమం అందరికీ ఒకటే.

"మిరపకాయ తింటే మనకు నోరు మండుతుంది, ఎలుకకూ మండుతుంది. ఆ కారం దాదాపు తెలియని జీవులు ఏవి?"

యలమంద వేలు అందరికంటే ముందు బజరు మీద పడింది. ఇది పుస్తకంలో చదివింది కూడా కాదు. రామచిలకలు పండు మిరపకాయల్ని చీల్చి గింజలు తిని, ముక్కు తుడుచుకుని ఎగిరిపోవడం చిన్నప్పటి నుంచీ చేలో చూసిందే. పక్షులు. మళ్ళీ "ప". పిట్టలు అన్నా అదే "ప". హాలు మొత్తం అతని మూతి వైపు చూస్తోంది. అయిదు సెకన్లు అయిపోయాయి. పక్క బల్లవాళ్ళు పక్షులని చెప్పి మార్కు తీసుకున్నారు.

ఇంకో ప్రశ్న. చంద్రుడి మీద ఇద్దరు పక్కపక్కన నిలబడి అరుచుకున్నా ఒకరి మాట ఒకరికి ఎందుకు వినపడదు? మళ్ళీ ముందు నొక్కింది అతనే. గాలి ఉండదు గనక. "గా" దగ్గర తల వెనక్కి విరుచుకుపోయింది, కళ్ళు మూతపడ్డాయి. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో వాళ్ళను ష్ అన్నారు. ఆ ష్ అన్నది ఇంకా గట్టిగా వినిపించింది. "సారీ అండీ, టైమైపోయింది" అన్నాడు శరత్‌చంద్ర, నిజంగానే నొచ్చుకుంటూ. ఆ తర్వాత వచ్చిన ప్రశ్నలకు యలమంద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జవాబులు మనసులో వరసగా వచ్చి వెళ్ళిపోయాయి.

పోటీ అయ్యాక మెట్ల పక్కన శ్రీరమ్య ఎదురొచ్చింది. గొంతును బట్టి గుర్తుపట్టాడు. సన్నగా, కళ్ళజోడుతో, మంగళగిరి చీరలో ఉంది. ఆమె ముఖం కందిపోయి ఉంది.

"యలమంద గారూ! మీరేనా అండీ! అయ్యో, నేనసలు... నిజంగా నాకు తెలియదండీ. మీ లైను ఎప్పుడూ తెగుతూ ఉండేది కదా, మీ ఊళ్ళో టవర్ సరిగ్గా లేదేమో అనుకునేదాన్ని. మా వాళ్ళు కూడా, మేడం, లైను కలిసేదాకా ఆగండి అనేవాళ్ళు. సిగ్నల్ అనే అనుకున్నానండీ ఇన్నాళ్ళూ."

యలమందకు ఆమె మాటలు వినిపించాయి, కానీ అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. సిగ్నల్. ఇన్ని నెలలూ ఆమె ఆగింది తన కోసం కాదు, టవర్ కోసం. పరవాలేదని చెప్పాలనుకున్నాడు.

"ప... ప..."

"పరవాలేదంటారా? లేదండీ, నేనే సారీ చెప్పాలి" అంది ఆమె గబగబా. "మీరు చాలా బాగా ఆడారు. ఇంటికి వెళ్తున్నారా? బస్సుకేనా? వెళ్ళిరండి, వెళ్ళిరండి."

ఎంతో దయగా అంది. అచ్చం నాగజ్యోతిలాగే. తెలిసిన మరుక్షణం ఆమె కూడా అతని నోట్లోంచి మాట తీసేసుకుంది. యలమంద నమస్కారం పెట్టి మెట్లు దిగాడు.

గుంటూరులో బస్సు మారాడు. ప్రత్తిపాడు వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. మెడలో నల్ల దారం, చేతిలో ప్లాస్టిక్ సంచి. అతను పక్కన కూర్చోగానే, "నువ్వు యలమందవి కదూ?" అంది. ఆ గొంతు ఎవరిదో అతనికి చెప్పనక్కర్లేదు. వెంకటరావమ్మ. ఆమె కూడా పోటీకి వచ్చింది, మొదటి వడపోతలోనే పక్కన పెట్టేశారు, అయినా చివరిదాకా కూర్చుని చూసింది.

"ఆ పిల్లోడు అయిదు లెక్కెట్టేలోపల నాకైతే పేరు గూడా గుర్తు రాలా అబ్బాయ్. ఆ పిల్లకి నీ సంగతి ఇయ్యాలే తెలిసిందంటగా, మెట్ల కాడ అంటంటే విన్నా. నాకు మొదటి రోజే తెలుసు. మా అన్నకీ ఉండేది నత్తి."

అతను ఆమె వైపు తిరిగాడు. "మ... మీ... మీ అన్న..." అని మొదలుపెట్టాడు. ఇప్పుడు ఎక్కడున్నారని అడగాలి. ఆమె అందించలేదు. ఓపిగ్గా చూస్తున్నట్టు ముఖం కూడా పెట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ వక్క నములుతోంది. బస్సు రెండు స్టాపుల్లో ఆగి కదిలింది. మాట ఎప్పటికో పూర్తయింది.

"పోయాడు, చానా ఏళ్ళయింది" అంది ఆమె. "మాట్టాడకుండా పోయాడు. ఇంటినిండా జనం మేం, ఆయన తరఫున మేమే మాట్టాడేవాళ్ళం." సంచి ఒళ్ళోకి లాక్కుని, "నువ్వేం కంగారుపడమాక. నాకేం తొందర, ఇంటికెళ్ళి చేసేదేముంది" అంది. ప్రత్తిపాడులో దిగిపోయింది.

మర్నాడు నాలుగింటికి యలమంద చెయ్యి అలవాటు కొద్దీ ఫోన్ మీదికి వెళ్ళింది. చేశాడు. కాఫీ మన దేశానికి మొదట ఏ దేశం నుంచి వచ్చింది అన్నది ప్రశ్న. యెమెన్. మళ్ళీ "య". అతను మొదలుపెట్టాడో లేదో, ముల్లు చప్పుడు ఆగిపోయింది.

"యలమంద గారేనా? యెమెన్ అంటారా అండీ? అదేనా మీరు చెప్పేది? సూపర్ అండీ, కరెక్ట్!"

చప్పట్ల శబ్దం వేశారు. యలమంద ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి చూశాడు. తను చెప్పని జవాబుకు తనకు చప్పట్లు. ఆ తర్వాత అతను మళ్ళీ ఫోన్ చేయలేదు. రేడియో పెట్టేవాడు, నాలుగయ్యేసరికి కట్టేసేవాడు. పుస్తకాలు తీయబుద్ధి కాలేదు. ఇంకో మార్పు కూడా వచ్చింది. అది అతన్ని భయపెట్టింది. ఒంటరిగా ఉన్నా మాట్లాడటం మానేశాడు. ఖాళీ షెడ్డులో ఎవరికని చెప్పాలి? గోడతో అన్న మాటలు ఇన్నేళ్ళూ గోడకే తగిలి పడిపోయాయి కదా అనిపించింది. మందుల సీజను, పని మీద పని. రైతులు వచ్చేవాళ్ళు, అతను తల ఊపేవాడు, వాళ్ళు వెళ్ళేవాళ్ళు. పొద్దుగూకేసరికి, ఇవాళ ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చేది. మర్నాడూ అంతే.

ఒక మధ్యాహ్నం ఆటోలోంచి వెంకటరావమ్మ దిగింది, చేతిలో స్ప్రేయర్ ట్యాంకుతో. ఆమెకు పిల్లల్లేరు, భర్త పోయాడు. ఎకరన్నర కౌలుకు తీసుకుని పత్తి వేసుకుంటుంది.

"మందు రావట్లేదు, చూడు" అని స్టూలు మీద కూర్చుంది.

యలమంద నాజిల్ విప్పాడు. చిన్న నలుసు అడ్డుపడింది. పిన్నీసుతో ఎవరైనా తీసేయొచ్చు. ప్రత్తిపాడులో ఇలాంటి షాపులు చాలానే ఉన్నాయి. అతనికి అది తెలుసు, ఆమెకూ తెలుసు. అతను నాజిల్ కడగడం మొదలుపెట్టాడు.

"ఫోన్ చెయ్యట్లేదేం రేడియోకి?"

అతను భుజాలు ఎగరేశాడు.

"నేనూ మానేశా. నువ్వు లేకపోతే అంతా టకటకా చెప్పేసి పెట్టేస్తన్నారు. వినబుద్ధి కావట్లా." ఆమె షెడ్డంతా కలయజూసింది. "సరే, నేనో ప్రశ్న అడుగుతా. నీకు తినటానికి ఏంటిష్టం?"

యలమంద చేయి ఆగిపోయింది. ఈ ప్రశ్నకు నత్తితో పనిలేకుండానే అతను ఇరుక్కుపోయాడు. హోటల్‌కు వెళ్తే అతను ఎప్పుడూ ఇడ్లీయే చెబుతాడు. ఇడ్లీ ఇష్టమని కాదు, "ఇ" సులువుగా వస్తుందని. ఇన్నేళ్ళూ అతను తిన్నది నోటికి రుచించింది కాదు, నోటికి పలికింది. పక్క బల్లమీద వేరేవాళ్ళకు వేడివేడిగా వడ్డిస్తుంటే ఆ వాసన ఎన్నిసార్లు పీల్చాడో! దాని పేరు కూడా "ప"తోనే మొదలవుతుంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇడ్లీ అని తేల్చేయొచ్చు. అతను నాజిల్ కింద పెట్టాడు.

"పె... పె..."

వెంకటరావమ్మ ఎదురుగా ఉన్న విడిభాగాల వైపు చూస్తూ కూర్చుంది. రోడ్డు మీద మిరపకాయల బస్తాలతో టిక్కీల లారీ ఒకటి గుంటూరు మిరప యార్డు వైపు వెళ్ళింది, కారం ఘాటు షెడ్డులోకి కొట్టింది. ఆమె తుమ్మింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇంకా చూస్తూనే ఉంది.

"పెసరట్టు" అన్నాడు యలమంద. అనేసరికి చెమట పట్టింది.

"అదా! దానికేం భాగ్యం. ఆదివారం రా, పెసలు నానబోస్తా" అని ఆమె లేచి, ట్యాంకు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం నాగజ్యోతి ఫోన్ వచ్చింది. "తిన్నావా? తినే ఉంటావులే." యలమంద ఎప్పట్లా ఊ అనలేదు. "లే... లే..." అని మొదలుపెట్టాడు. "లేదా? వండుకుంటావులే" అంది ఆమె. "ఉం... ఉండక్కా" అన్నాడు. అక్క ఉలిక్కిపడినట్టు ఆగింది. అయినా ఎక్కువసేపు ఆగలేకపోయింది. పాపం, తమ్ముడు అవస్థ పడుతుంటే వినడం ఆమెవల్ల కాదు. "సరేరా, పనిలో ఉన్నట్టున్నావు, పెట్టేస్తున్నా" అంది. ప్రత్తిపాడు వెళ్తున్నానని ఆమెకు చెప్పలేకపోయాడు.

వెంకటరావమ్మది వీధి చివర రెండు గదుల ఇల్లు. వసారాలో పత్తి కుప్ప పోసి పట్టా కప్పి ఉంది. పీట వేసి, పెసరట్టు మీద ఉల్లిపాయలు చల్లి, అల్లం పచ్చడితో పెట్టింది. అతను తింటున్నాడు, ఆమె పెనం దగ్గర కూర్చుంది. ఇద్దరికీ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బస్సులో అనుకున్న నాలుగు మాటలు తప్ప ఒకరి గురించి ఒకరికి తెలిసిందే తక్కువ. ఆ నిశ్శబ్దం యలమందకు ఇబ్బందిగా లేదు, అలాగని హాయిగానూ లేదు. కొత్తగా ఉంది.

"ఏదన్నా చెప్పు, నీ పుస్తకాల్లోది" అంది ఆమె.

అతను ఆలోచించాడు. శుక్రగ్రహం గురించి చెప్పాడు. అది సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలం కంటే, తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికే ఎక్కువ కాలం పడుతుందని. అంటే అక్కడ ఏడాది కంటే రోజే పెద్దదని. ఇంత చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. మధ్యలో ఒక అట్టు మాడింది. ఆమె దాన్ని తీసి పక్కన పడేసి ఇంకో గరిటె పిండి పోసింది కానీ, మాటకు అడ్డం రాలేదు.

అంతా విని వెంకటరావమ్మ గరిటె పిండిగిన్నెలో పెట్టింది.

"రోజు అంత పెద్దదా! మరి అక్కడోళ్ళకి పొద్దెట్టా పోయిద్దిరా?"

"అ... అక్కడ ఎవరూ ఉండరు పిన్నీ" అన్నాడు యలమంద.

"అవునా" అందామె. అట్టు తిరగేసి అతని పళ్ళెంలో వేసింది.

అతను సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చాడు. సెంటర్లో ఆదివారం గనక బంకు మూసి ఉంది. షెడ్డు తాళం తీసి, గదిలో లైటు వేసుకుని, చొక్కా కొయ్యకు తగిలించాడు. మర్నాటి ఉదయం వీరాంజనేయులు ఇంజను తెచ్చి పెట్టి, "ఎప్పుడిస్తావురా? తల ఊపు చాలు" అన్నాడు. యలమంద తల ఊపలేదు. "బు... బు..." అని మొదలుపెట్టాడు. వీరాంజనేయులు కొంతసేపు నిలబడ్డాడు, బుధవారమేగా అని తనే అనేసి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. యలమంద ఆ మాట చివరిదాకా చెప్పి, ఇంజను విప్పడం మొదలుపెట్టాడు.